రాబోయే ఏడాది బజారు: ప్రపంచ పంచదార ధర ఏటికొప్పాక చెరకుకు ఎంతవరకు వర్తిస్తుంది?

ఏడాది చివరి మాసాలు వచ్చేసరికి రాబోయే సంవత్సరాన్ని గురించిన ప్రపంచ ఆర్థిక అంచనాలు వరుసగా వెలువడుతుంటాయి. అంతర్జాతీయ ద్రవ్యనిధి ఒక అంకె ఇస్తుంది, ప్రపంచ బ్యాంకు మరొకటి ఇస్తుంది. లండన్, న్యూయార్కులలోని బ్రోకరు సంస్థలు తమ లెక్కలు తాము ప్రకటిస్తాయి. ఇవన్నీ అనకాపల్లి బెల్లం మార్కెట్టు దాకా వచ్చేసరికి ఒకే ప్రశ్నగా మిగులుతాయి: వచ్చే ఏడు తేజీయా, మందీయా?

ఆ ప్రశ్నకు ఈ అంకెల నుంచి నేరుగా జవాబు రాదు. 2025 అక్టోబరులో ద్రవ్యనిధి 2026 సంవత్సరానికి ప్రపంచ ఆర్థికాభివృద్ధి 3.1 శాతమని అంచనా కట్టింది. ఇటువంటి అంకెను ఎంతవరకు నమ్మవచ్చునో 2020 అనుభవం చెబుతుంది. ఆ ఏడు జనవరిలో అదే సంస్థ 3.3 శాతం పెరుగుదల ఉండగలదన్నది. ఏప్రిల్‌లో దానిని మార్చి, 3 శాతం తగ్గుదల అన్నది. ఈ రెండు అంచనాల నడుమ మార్చి 25న ఉగాది వచ్చింది. దేశమంతటా లాక్‌డౌన్ మొదలైనదీ ఆ రోజే. పండుగ గిరాకీని నమ్ముకొని సరుకు కూర్చిన వర్తకుని ప్రపంచ అంచనాలేవీ ముందుగా హెచ్చరించలేదు.

అయినా బయటి ప్రపంచంతో మనకు సంబంధం లేదనుకోవడం ఇంకా పెద్ద పొరపాటు. వరాహ నది ఒడ్డున, జాతీయ రహదారికి కాస్త లోపలగా ఉన్న ఏటికొప్పాకలో చక్కెర మిల్లు వెలిసినదే ప్రపంచ మాంద్యం కారణంగా. 1929 తరువాత ప్రపంచ పంచదార ధర కుప్పకూలింది. జావా పంచదార భారతదేశపు రేవులలో చవకగా దిగుతుండేది. దానికి అడ్డుకట్టగా 1932లో చక్కెర పరిశ్రమ రక్షణ చట్టం వచ్చి, హండ్రెడ్‌వెయిట్‌కు 7 రూపాయల 4 అణాల సుంకం విధించింది. దానిపై సర్‌చార్జీ కలిసి 9 రూపాయల 1 అణా అయ్యేది. ఈ గోడ లేచిన మరుక్షణం దేశంలో మిల్లులు పుట్టుకువచ్చినవి. 1931-32లో ముప్పై పైచిలుకు ఉన్న మిల్లులు 1936-37 నాటికి 137 అయినవి. 1933లో ఏటికొప్పాక రైతులు నెలకొల్పుకున్న సహకార సంఘం దేశంలోని తొలి సహకార చక్కెర మిల్లులలో ఒకటిగా పేరుపొందినది ఈ ఊపులోనే.

ఇక్కడ వర్తకులు గుర్తించవలసిన సంగతి ఒకటి ఉన్నది. ఆనాడు ప్రపంచ ధర పడిపోయింది, కాని ఏటికొప్పాక రైతుకు మిల్లు దక్కింది. మధ్యలో సుంకం అనే తలుపు మూయడం వలననే అది సాధ్యమైనది. ప్రపంచ ధర ఎంత అని అడిగే ముందు తలుపు తెరిచి ఉన్నదా, మూసి ఉన్నదా అని అడగాలి. తొంభై ఏళ్లు గడిచినా ఈ వరుస మారలేదు.

సెంట్ల లెక్క రూపాయలలో

ముందుగా లెక్క తెలుసుకొందాం. న్యూయార్కులో ముడి పంచదార ధరను పౌనుకు ఇన్ని సెంట్లని చెబుతారు. టన్నుకు సుమారు 2,204.6 పౌన్లు. కాబట్టి సెంట్ల అంకెను 22.046తో గుణిస్తే టన్ను ధర డాలర్లలో వస్తుంది. ధర 15 సెంట్లు అయితే టన్ను సుమారు 331 డాలర్లు. డాలరు 90 రూపాయలనుకొంటే టన్ను 29,760 రూపాయలు, అనగా క్వింటాలు 2,976 రూపాయలు. ఒక సెంటు పెరిగితే క్వింటాలుకు 198 రూపాయలు పెరుగుతుంది. డాలరు విలువ ఒక రూపాయి పెరిగితే క్వింటాలుకు 33 రూపాయలు పెరుగుతుంది. ఇది విదేశీ రేవులో ముడి పంచదార ధర మాత్రమే. ఓడ కిరాయి, శుద్ధి ఖర్చు వేరు.

ఈ అంకెను స్వదేశీ ధరతో పోల్చాలి. 2018 జూన్‌లో కేంద్ర ప్రభుత్వం మిల్లు గేటు వద్ద పంచదారకు కిలో 29 రూపాయల కనీస అమ్మకపు ధర నిర్ణయించింది. 2019 ఫిబ్రవరిలో దానిని 31 రూపాయలు చేసింది. న్యూయార్కు ధర 15 సెంట్ల వద్ద ఉంటే, పై లెక్క ప్రకారం ఎగుమతిలో కిలోకు 30 రూపాయలైనా చేతికి రావు. 2025 నవంబరులో ప్రపంచ ధర 15 సెంట్లకు దిగువకు వచ్చి, అయిదేళ్లలో కనిష్ఠ స్థాయిని తాకింది. సరిగ్గా ఆ నెలలోనే కేంద్రం 2025-26 సీజనుకు 15 లక్షల టన్నుల ఎగుమతికి అనుమతి ఇచ్చింది. అనుమతి రాగానే తేజీ వచ్చినదని సంబరపడేవారు ఈ గుణకారం చేసి చూసుకోవడం మంచిది. తలుపు తెరిచినంత మాత్రాన సరుకు బయటికి పోదు. బయట ధర ఉంటేనే పోతుంది.

తలుపు మూసి ఉన్నప్పుడు జరిగే దానికి 2023 చక్కని ఉదాహరణ. ఆ ఏడు నవంబరులో న్యూయార్కు ధర 28 సెంట్ల వరకు వెళ్లింది. పన్నెండేళ్లలో అంత ధర లేదు. 2021-22లో సుమారు 110 లక్షల టన్నులు ఎగుమతి చేసి రికార్డు సాధించిన భారతదేశం, 2022 జూన్ 1 నుంచి ఎగుమతులపై ఆంక్షలు పెట్టి, 2023 అక్టోబరు తరువాత మిల్లులకు కోటాయే ఇవ్వలేదు. ప్రపంచమంతా తేజీలో ఉండగా మన మిల్లులు చూస్తూ ఊరుకోవలసి వచ్చింది. ఆపైన డిసెంబరు 7న చెరకు రసం నుంచి ఇథనాల్ తీయడంపై కూడా ఆంక్ష పడింది. ఇథనాల్‌కు పోవలసిన రసం తిరిగి పంచదారకు మళ్లింది. న్యూయార్కు ధర చూసి స్వదేశీ సరుకు కొని పెట్టుకున్నవారికి ఢిల్లీ ఉత్తర్వు ఎదురు తిరిగింది. 2024 ఆగస్టులో ఆ ఇథనాల్ ఆంక్ష తొలగించారు.

దీనికి పూర్తిగా విరుద్ధమైనది 1985. ఆ వేసవిలో ప్రపంచ ధర పౌనుకు 3 సెంట్ల లోపుకు పడిపోయింది. ప్రపంచం పంచదారతో నిండి, కొనేవారు లేని కాలమది. కాని మన దేశంలో పంచదార కరువు. 1982-83లో 82 లక్షల టన్నులున్న ఉత్పత్తి మరుసటి ఏడే 59 లక్షలకు దిగింది. 1984-85లో కూడా 61 లక్షల టన్నులే. ప్రభుత్వం విదేశాల నుంచి భారీగా దిగుమతి చేసుకోవలసి వచ్చింది. లండన్ తంతి వార్తలు చదివి బెల్లానికి కూడా మందీ తప్పదనుకున్న వర్తకుడు ఆ ఏడు తన కొట్టులోని సరుకును తొందరపడి వదులుకొని ఉంటాడు.

1978 నుంచి 1982 వరకు

మన బజారు తన సొంత చక్రంలోనే ఎక్కువగా తిరుగుతుంది. ఆ చక్రం అర్థం కావడానికి 1977-82 నడుమ జరిగినదానికి మించిన పాఠం లేదు.

1977-78లో దేశంలో 64.6 లక్షల టన్నుల పంచదార తయారైనది. అంతవరకు అంత ఉత్పత్తి ఎన్నడూ లేదు. ఎగుమతి చేద్దామంటే ప్రపంచ ధర నీరసంగా ఉన్నది, అంతర్జాతీయ పంచదార ఒప్పందం కోటాలు అడ్డు వచ్చినవి. 1978 ఆగస్టు 16న ప్రభుత్వం పంచదారపై కంట్రోలు పూర్తిగా ఎత్తివేసింది. మిల్లులన్నీ ఒక్కసారిగా అమ్మకాలకు దిగినవి, ధర కూలింది. మిల్లులు చెరకు డబ్బు చెల్లించలేకపోయినవి. మిల్లుకు పోని చెరకు గానుగకు వచ్చింది. గానుగకు వచ్చిన చెరకు దిమ్మలై మార్కెట్టుకు వచ్చింది. అప్పటికే మందగించి ఉన్న బెల్లం ధర ఇంకా దిగింది.

చెరకు రైతు ఆ దెబ్బకు చేసే పని ఒక్కటే. కార్శి తోట దున్నేసి, మొక్క తోట తగ్గించుకొంటాడు. దాని ఫలితం మరుసటి సీజనులో గాని కనబడదు. 1978-79లో ఉత్పత్తి 58 లక్షల టన్నులకు తగ్గింది. 1979లో వర్షాలు దేశమంతటా ఎగవేసినవి. 1979-80లో 38.6 లక్షల టన్నులే దక్కింది. రెండేళ్లలో నూటికి నలభై తగ్గుదల. 1979 డిసెంబరులో పాక్షిక కంట్రోలు మళ్లీ వచ్చింది. బెల్లం, ఖండసారి వారు చెరకు కోసం మిల్లులతో పోటీపడి ధర ఎక్కించారు. ఆ ధర చూసిన రైతు మళ్లీ చెరకు వేశాడు. 1981-82లో 84.4 లక్షల టన్నులు వచ్చి పడినవి!

ఇందులో ఎవరు నష్టపోయారన్నది ఆలోచించదగిన విషయం. 1978లో ధర పడినందుకు నష్టపోయినవారు కొందరు. అంతకన్న ఎక్కువ నష్టపోయేవారు ఈ చక్రంలో ఎప్పుడూ ఒకరే: గడిచిన ఏడాది ధరను చూసి ఈ ఏడాది పెట్టుబడి పెట్టినవారు. రైతుకు నాట్ల సమయంలో అప్పు ఇచ్చి సరుకు తన కొట్టుకే తేవాలని షరతు పెట్టుకున్న కమీషను వ్యాపారి ఇదే వరుసలోకి వస్తాడు. అతని సొమ్ము తేజీలో నాటుకొని మందీలో కోతకు వస్తుంది. ప్రపంచ అంచనాల కన్న, తాను ఎన్ని ఎకరాలకు, ఏ ధర ఉన్న రోజున అప్పు ఇచ్చినాడన్న తన సొంత చిట్టా అతనికి ఎక్కువ సంగతులు చెప్పగలదు.

మిల్లు లేని చోట

1978 నాటికి, ఇప్పటికి అనకాపల్లి ప్రాంతంలో ఒక పెద్ద తేడా వచ్చింది. అప్పుడు చెరకుకు రెండు దారులుండేవి, మిల్లు ఒకటి, గానుగ ఒకటి. బెల్లం ధర బాగుంటే గానుగకు, లేకుంటే మిల్లుకు పోయేది. రెండూ ఒకదానికొకటి తాళ్లు పట్టి ఉంచేవి. ఇటీవలి సంవత్సరాలలో తుమ్మపాల, ఏటికొప్పాక, తాండవ మిల్లులలో క్రషింగ్ ఆగిపోయింది. గోవాడ మిల్లు కూడా బకాయిల ఇబ్బందులతోనే నెట్టుకువచ్చింది. ప్రపంచ మాంద్యంలో పుట్టిన ఏటికొప్పాక మిల్లు పక్కనే చెరకు పండించిన రైతు ఇప్పుడు గానుగనో, దూరపు మిల్లునో చూసుకోవాలి.

ధరల లెక్క కూడా దీనితో మారినది. 2025-26 సీజనుకు కేంద్రం చెరకుకు ప్రకటించిన కనీస ధర 10.25 శాతం దిగుబడి ఉన్న చెరకుకు క్వింటాలు 355 రూపాయలు. దిగుబడి 9.5 శాతం, అంతకు తక్కువ అయితే 329 రూపాయల 5 పైసలు. ఈ రెండో అంకె ప్రకారం టన్ను చెరకు 3,290 రూపాయల పైమాట. టన్ను చెరకు నుంచి ఇంచుమించు ఒక క్వింటాలు బెల్లం దిగుతుంది. కాబట్టి ఈ 3,290కి వంట కూలి, దిమ్మ పోసే ఖర్చు, యార్డుకు చేర్చే కిరాయి కలుపుకొంటే వచ్చే అంకె, రైతుకు మిల్లైనా గానుగైనా ఒకటే అయ్యే స్థాయి. మిల్లు నడిచే రోజుల్లో పాట ఆ అంకెకు దిగువన ఎక్కువ కాలం నిలిచేది కాదు, చెరకు మిల్లుకు మళ్లి రాబడులు తగ్గేవి. మిల్లు లేనిచోట ఆ నేల లేదు. పాట ఎంతవరకైనా దిగవచ్చును.

అయితే దీనికి రెండో వైపు కూడా ఉన్నది. నేల లేనప్పుడు రైతు పంటనే మానుకొంటాడు. సరుగుడు వేసిన పొలం తిరిగి చెరకుకు రావడానికి ఏళ్లు పడుతుంది. అందుచేత ఈ ప్రాంతంలో రాబడులు తగ్గుతున్నప్పుడు ధర గట్టిపడాలి గదా అని లెక్క వేసేవారున్నారు. ఇది సగమే నిజం. అనకాపల్లి సరుకు కొనే ఒడిశా, బెంగాల్ వ్యాపారులకు ఉత్తరప్రదేశ్ బెల్లం, మహారాష్ట్ర బెల్లం కూడా దొరుకుతున్నవి. ఇక్కడ సరుకు తగ్గితే వారు అటు చూస్తారు. మొదటి రకం అనకాపల్లి దిమ్మకు ఉన్న పేరు కొంతవరకు కాపాడుతుంది, కాని రెండో రకం, మూడో రకం సరుకుకు ఆ రక్షణ లేదు. రంగు కోసం హైడ్రోసు దండిగా కలిపిన దిమ్మ కొద్ది వారాలలో నల్లబడుతుంది. నిల్వ పెట్టుకొనే వర్తకుడు ధర కన్న ముందు ఈ సంగతి చూసుకోవాలి.

ఆకాశమూ, చమురూ

వచ్చే ఏడాది బెల్లానికి ప్రపంచం నుంచి వచ్చే అసలు కబురు పసిఫిక్ మహాసముద్రం నుంచి వస్తుంది. అక్కడ నీరు వేడెక్కే ఎల్‌నినో ఏడాదులలో మన నైరుతి ఋతుపవనాలు తరచు బలహీనపడతాయి. 2023లో దేశంలో వర్షపాతం సగటులో 94 శాతమే. ఆ ఏడు ఆగస్టు, 1901 నుంచి లెక్కలున్నంతలో అతి పొడిగా గడిచిన ఆగస్టు. 2024లోను, 2025లోను 108 శాతం కురిసింది. చెరకు పది పన్నెండు నెలల పంట కావడం వలన వర్షం ప్రభావం బజారుకు ఆలస్యంగా వస్తుంది. ఒక వానకాలపు లోటు ఆ శీతకాలపు రాబడులలో కొంత కనబడుతుంది, మొక్క నాట్లు తగ్గడం వలన మరుసటి శీతకాలంలో మిగతాది కనబడుతుంది. వాతావరణ శాఖ ఏప్రిల్ నెలలో ఇచ్చే తొలి అంచనాను అనకాపల్లి వర్తకులు ద్రవ్యనిధి అంచనా కన్న శ్రద్ధగా చదవాలి.

మన కోస్తాకు మరో ప్రమాదం కూడా ఉన్నది, అది ఏ అంచనాలోను కనబడదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ తీరాన్ని దాటినప్పుడు నిలిచి ఉన్న చెరకు నేలవాలినది. వాలిన చెరకు రసంలో తీపి తగ్గుతుంది, బెల్లం గట్టిపడదు. దసరా నుంచి కార్తికం దాటేవరకు కొత్త సీజను సరుకుకు ముందుగా ధర ఖాయపరచుకోవడం ఈ తీరంలో జూదమే.

చమురు సంగతి రెండు మాటలలో చెప్పవచ్చును. బ్రెజిల్ 1975 నవంబరులో చెరకు నుంచి మోటారు ఇంధనం తీసే పథకం ప్రారంభించింది. అప్పటినుంచి అక్కడి మిల్లులు చమురు ధర ఎక్కువైతే ఆల్కహాలుకు, తక్కువైతే పంచదారకు రసం మళ్లిస్తున్నవి. వాటి ముఖ్యమైన క్రషింగ్ ఏప్రిల్ నుంచి నవంబరు వరకు. కాబట్టి మన సీజను ముగిసే వేళ వారిది మొదలవుతుంది. చమురు పెరిగితే న్యూయార్కులో పంచదార పెరగవచ్చును, కాని అనకాపల్లి నుంచి కలకత్తాకు లారీ కిరాయి పెరగడం మాత్రం ఖాయం. ఈ రెండింటిలో వర్తకుని చేతికి ముందు తగిలేది రెండోది.

ఏటికొప్పాక రెండో సరుకు

ఏటికొప్పాకను చెరకు దృష్టితో మాత్రమే చూస్తే సగం ఊరు తప్పిపోతుంది. అంకుడు కర్రను లేతుపై తిప్పుతూ, ఆ రాపిడి వేడికి కరిగే లక్కతో రంగు పట్టించి, మొగలి ఆకుతో మెరుగు దిద్దే బొమ్మలు ఈ ఊరి రెండో వ్యాపారం. 2017లో వీటికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. సహజ రంగులను తిరిగి వాడకంలోకి తెచ్చిన సి.వి.రాజుకు 2023లో పద్మశ్రీ లభించింది. 2025 గణతంత్ర దినోత్సవంలో ఆంధ్రప్రదేశ్ శకటం ఈ బొమ్మలదే.

లక్క జార్ఖండ్, ఛత్తీస్‌గఢ్ అడవుల సరుకు. ఒకప్పుడు దీని ధర గ్రామఫోను రికార్డులను బట్టి నడిచేది, ఆ పాత నల్ల పలకలు లక్కతో చేసినవే. 1935 ఫిబ్రవరిలో లండన్‌లో మిరియాల బజారును గుప్పిట పట్టబోయి దివాలా తీసిన గారబెడ్ బిషిర్గియన్ ముఠా లక్కలోను నిల్వలు కూర్చింది. 1948లో కొత్త రకం ప్లాస్టిక్ రికార్డు వచ్చిన తరువాత ఆ గిరాకీ క్రమంగా పోయింది. ఏటికొప్పాక పనివానికి లక్క అందుబాటులో మిగలడానికి అది కూడా ఒక కారణమేమో.

బొమ్మల విషయంలో తలుపు రెండు వైపులా కదులుతున్నది. స్వదేశంలో 2020 ఫిబ్రవరిలో దిగుమతి బొమ్మలపై సుంకాన్ని 20 నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెంచారు. 2021 జనవరి నుంచి బొమ్మలకు నాణ్యతా ముద్ర తప్పనిసరి చేస్తూ, భౌగోళిక గుర్తింపు పొందిన చేతిపనుల బొమ్మలకు మినహాయింపు ఇచ్చారు. ఇవి రెండూ అనుకూలమే. విదేశాలలో 2025 ఆగస్టు 27 నుంచి అమెరికా భారత సరుకులలో అత్యధికభాగంపై 50 శాతం సుంకం అమలులోకి తెచ్చింది. ఇటువంటి రేటు ఒక ప్రకటనతో వచ్చి మరో ప్రకటనతో మారుతుంది. ఎగుమతి ఆర్డరు పుచ్చుకొనే వర్తకుడు సరుకు ఓడ ఎక్కే రోజున ఉన్న సుంకం ఎవరు భరించాలో కాగితం మీద రాయించుకోవాలి. ధర ఒప్పుకున్న రోజున ఉన్న సుంకాన్నే నమ్ముకొంటే లాభం రేవులోనే పోవచ్చును.

బెల్లం నిల్వ పెట్టుకొనేవారికి మాత్రం రాబోయే ఏడాదిలో చూసుకోవలసిన తేదీలు దగ్గరదగ్గరగానే ఉన్నవి. సంక్రాంతికి ముందు రాబడులు ఎంత వేగంగా ఎక్కుతున్నవి, ఉగాది గిరాకీ ముగిసేసరికి కొట్లలో, శీతల గిడ్డంగులలో ఎన్ని దిమ్మలు మిగిలినవి, ఏప్రిల్‌లో వాతావరణ శాఖ ఏమన్నది, అదే నెలలో బ్రెజిల్ మిల్లులు రసాన్ని ఎటు తిప్పినవి, సెప్టెంబరు చివరకు పంచదార సంవత్సరం ముగిసేనాటికి దేశంలో నిల్వ ఎంత, కొత్త సీజను ఎగుమతి కోటాపై ఢిల్లీ ఏమి తేల్చింది. ఇందులో మొదటి రెండు సంగతులు ఏ పత్రికలోను ముందుగా రావు. యార్డులో పాట ముగిసిన తరువాత కళాసీలు లారీలకు ఎన్ని దిమ్మలు ఎత్తుతున్నారో, ఎన్నిటిని తిరిగి కొట్టులోకి మోస్తున్నారో చూసి తెలుసుకోవలసినవే.